తామస్ శంకరన్ ఏ ఊరివాడు?

కోవిల్‌పట్టి,
22 జూన్ 2025

వదినకు,

ఇక్కడ నేనూ నీ కూతురూ బతికే ఉన్నాం. అక్కడ నువ్వూ నీ నోరూ దివ్యంగా ఉంటారని నా నమ్మకం.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని విసుక్కోకు. మీ ఇంట్లో ఫోన్ మోగితే స్పీకర్ పెట్టి నడింట్లో ఉంచుతారు. మా అమ్మ వింటుంది, మా అన్న వింటాడు, మగ్గాల చప్పుడును మించి నేను అరవాలి. చిన్నప్పుడు మన తాత, అంటే మీ నాన్నకూ మా అమ్మకూ తండ్రి, మనిద్దరి వేళ్లు పట్టుకుని ఇసుకలో దిద్దించిన ఈ తెలుగు అక్షరాలు తమిళనాట స్థిరపడ్డ మన కుటుంబంలో ఇంకెవరికీ రావు. అందరూ మాట్లాడతారు, ఒక్కరూ చదవరు. ఇంత గట్టి తాళం ఏ బ్యాంకులోనూ దొరకదు.

సంగతి ఇది. మా స్కూలు యజమాని, అంటే మా కరస్పాండెంట్ పాండీశ్వరన్ గారు, ఎండాకాలం సెలవల్లో ఆఫ్రికా వెళ్లొచ్చారు. మొత్తం పది రోజులు. రెండు రోజులు విమానాల్లో పోయాయి. ఆరు రోజులు జీపులో కూర్చుని సింహాలను చూశారు. మిగిలిన రెండు రోజులు ఇడ్లీ దొరికే హోటలు కోసం వెతికారు. అంతటితో ఆయనకు ఆఫ్రికా మొత్తం అర్థమైపోయింది. మేమంతా ముప్ఫై ఏళ్లు చదివినా ఇంత తొందరగా ఏదీ అర్థం కాలేదు మరి.

స్కూలు తెరిచిన మొదటి వారమే టీచర్లను కూర్చోబెట్టి, సెప్టెంబరులో ఆఫ్రికా దినం జరుపుతామని ప్రకటించారు. అక్కడి చరిత్ర, సంస్కృతి, గొప్ప నాయకులు, అన్నీ స్టేజీ మీదికి రావాలి. ఈ జిల్లాలో ఎవరూ చేయలేదు కాబట్టి మనం చేయాలి. అందరం చప్పట్లు కొట్టాం. లెక్కల టీచరు లేచి ఆఫ్రికాకు ముఖ్యమంత్రి ఎవరని అడిగింది. అది యాభై నాలుగు దేశాలమ్మా అని నేను నెమ్మదిగా చెప్పాను. కరస్పాండెంట్ గారు నావైపు జాలిగా చూసి, అన్ని దేశాలు వద్దు, టైం చాలదు అన్నారు.

చరిత్ర టీచర్ని నేనొక్కదాన్నే కాబట్టి భారమంతా నా మీద పడింది. బాగా జరిగితే ఈసారి నన్ను పర్మనెంట్ చేస్తారట. ఎనిమిదేళ్లుగా ఏదో ఒకటి బాగా జరుగుతూనే ఉంది, నేను టెంపరరీగానే ఉన్నాను.

ఇళవరసికి తొమ్మిదో తరగతి బాగానే సాగుతోంది. తింటోంది, చదువుతోంది, స్నేహితులూ ఉన్నారు. దాని గురించి నీకు బెంగ అక్కర్లేదు. మా ఆయన తూత్తుకుడి ఉప్పు కంపెనీ నుంచి ఆదివారాలు వచ్చినప్పుడు దానికి జీడిపప్పు మక్రూన్ మిఠాయిలు తెస్తున్నారు, నాకు బట్టలు ఉతికే పని తెస్తున్నారు.

నీ మరదలు,
కలైవాణి


విరుదునగర్,
1 జూలై 2025

మరదలు పిల్లకు,

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మలయాళమా అని అడిగాడు. అవునన్నాను. వాడికి నిజం చెప్పి నాకేం ఒరుగుతుంది?

ఆఫ్రికా దినం జరపండి, మంచిదే. విరుదునగర్ దినం ఎవరైనా జరుపుతారా అని నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ఇక్కడికి ఎవరూ విమానమెక్కి రారు కదా, అందుకే జరగడం లేదు కాబోలు.

మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. కోడలు కనిపించినప్పుడు ఎక్కువ నొప్పి, టీవీలో సీరియల్ వచ్చినప్పుడు తక్కువ నొప్పి. మీ అన్న రామకృష్ణన్ గారు పవర్‌లూమ్ పక్కన నిలబడి నిలబడి సగం చెవుడు తెచ్చుకున్నారు. ఆ సగం నేను మాట్లాడే వైపే ఉంది.

ఇళవరసిని ఎండలో తిప్పకు. పార్సిల్‌లో నలుగుపిండి, ఒక క్రీము ట్యూబు పంపుతున్నాను. క్రీము రాత్రి పూట రాయాలి, నలుగు ఆదివారం పెట్టాలి. ఆరు వారాల్లో తేడా కనిపిస్తుందని కొట్టువాడు చెప్పాడు. వాడి మొహం చూస్తే వాడు రాసుకున్నట్లు లేదు, అయినా నమ్మాను. ఆడపిల్ల కదా, నలుగురి కళ్లు పడే వయసు. నువ్వు చదువుకున్నదానివి, ఇదంతా అనవసరమని ఉపన్యాసం ఇవ్వకుండా రాయి చాలు.

పాపమ్మాళ్


కోవిల్‌పట్టి,
19 జూలై 2025

వదినకు,

పార్సిల్ అందింది. ట్యూబు అలమరలో భద్రంగా ఉంది, మూత కూడా తీయలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు చూశావా.

ఆఫ్రికా ఇక్కడ జోరుగా సాగుతోంది. నాయకుల పేర్లు పది రాసి ఇచ్చాను. పది ఎందుకు, మండేలా ఒక్కరు చాలు, అందరికీ తెలిసిన మొహం అన్నారు. పట్టు పట్టి ఐదుగురిని నిలబెట్టాను. మండేలా కాక, టాంజానియా మొదటి అధ్యక్షుడు న్యెరేరే ఒకరు. ఆయన్ను అక్కడి జనం తమ భాషలో టీచర్ అని పిలిచేవారట. టీచర్ అనే మాట గౌరవంగా పలికే దేశం ఉందంటే మా స్టాఫ్ రూములో ఎవరూ నమ్మలేదు. కెన్యాలో ఊరూరా ఆడవాళ్ల చేత చెట్లు నాటించిన వంగారీ మాతాయ్ ఒకరు. ఇప్పటి ఘనాలో తెల్లవాళ్ల సైన్యం మీద యుద్ధానికి దిగిన అశాంటి రాజ్యపు రాణి ఒకరు. ఇక ఐదో ఆయన తామస్ శంకరా.

గొడవంతా ఈ ఐదో ఆయనతో వచ్చింది. తమిళంలో రాసిన జాబితా మీద కరస్పాండెంట్ గారి వేలు అక్కడ ఆగిపోయింది. గది తలుపు వేయించి, గొంతు తగ్గించి అడిగారు.

"టీచర్, ఈ తామస్ శంకరన్ మనవాళ్లా, వాళ్లవాళ్లా?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఒక కులం నాయకుడి బొమ్మ పెడితే రెండో కులం వాళ్లు వచ్చి తమ నాయకుడి బొమ్మ ఎందుకు లేదని గేటు దగ్గర కూర్చుంటారని ఆయన భయం. ఆయన ఎవరివాడూ కాదు సార్, బుర్కినా ఫాసో అధ్యక్షుడు అన్నాను. అది మన పక్క ఊరు శంకరన్‌కోయిల్ దగ్గరా అన్నారు. కాదు, పడమటి ఆఫ్రికా అన్నాను. పేరులో శంకరుడు ఉన్నాడు, ముందు తామస్ ఉంది, తూత్తుకుడి వైపు మతం మారిన కుటుంబం అయ్యుంటుంది, విచారించండి అన్నారు. విచారించాను. ఆఫ్రికాలోనే పుట్టాడని నేను రాతపూర్వకంగా హామీ ఇచ్చాక ఒప్పుకున్నారు.

ఫ్లెక్స్ కొట్టు శరవణకుమార్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఫోటో చుట్టూ పూలదండ వేసి, కింద రెండు దీపాలు పెట్టి, తామస్ శంకరన్ అయ్యాకు కన్నీటి నివాళి అని అచ్చు వేశాడు. కింద ఖాళీ వదిలి, దుఃఖంలో ఉన్న బంధువుల పేర్లు ఇస్తే చేరుస్తానన్నాడు.

ఆయన కథ నీకు నచ్చుతుంది. నాలుగేళ్లే ఏలాడు. ప్రభుత్వం వాళ్ల బెంజి కార్లు అమ్మించి చిన్న కార్లు ఎక్కించాడు. తమ దేశంలో పండిన పత్తితో తమ నేతగాళ్లు నేసిన గుడ్డే ఆఫీసర్లు కట్టుకోవాలని ఆజ్ఞ వేశాడు. ముప్ఫై ఏడేళ్లకే చంపేశారు.

కానీ కరస్పాండెంట్ గారి మనసు నాయకుల మీద లేదు, డాన్సు మీద ఉంది. నడుముకు ఆకులు, చేతిలో ఈటెలు, మధ్యలో మంట, చుట్టూ హో హో అని గెంతడం. ఆయన చూసిన హోటల్లో రాత్రి భోజనం ముందు అలాగే గెంతారట. మేకప్ ఎందుకు దండగ, కలరు తక్కువ పిల్లల్ని పన్నెండు మందిని ఏరి జాబితా ఇవ్వండి అన్నారు. ఇచ్చాను. ఉద్యోగం కదా.

ఇక్కడ ఎండలు తగ్గలేదు.

కలైవాణి


విరుదునగర్,
27 జూలై 2025

కలా,

శంకరన్ సంగతి మీ అన్నకు చెప్పాను. మగ్గం ఆపి మరీ విన్నారు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో నా మాటకు మగ్గం ఆగడం ఇదే మొదలు. నేతగుడ్డ సంగతి రెండోసారి చెప్పించుకున్నారు.

"ఆపీసర్లంతా నేసిన గుడ్డే కట్టాలని సట్టం ఏసినాడా? అట్లాటోణ్ణి నాలుగేండ్లు బతకనిచ్చిందే ఎక్కువ" అన్నారు.

తర్వాత మళ్లీ మగ్గం వేసుకున్నారు గానీ, ఆ రోజు అన్నం తినేటప్పుడు కూడా అదే తలుచుకున్నారు. ఎవరో దూరదేశపు వాడు, ఎప్పుడో పోయినవాడు, మా ఇంట్లో ఆ పూట సొంత మనిషి పోయినట్టయింది. శరవణకుమార్ అడిగితే బంధువుల జాబితాలో మీ అన్న పేరు రాయించు.

ఇక నీ ఉత్తరం చివర మూడు ముక్కలు రాసి తప్పించుకున్నావే, ఆ జాబితా సంగతి. నాకు వెటకారం చేతకావడం లేదు, నేరుగా అడుగుతున్నాను. అందులో నా బిడ్డ పేరు ఉందా?

నిన్న ఫోన్లో దాని గొంతు బాగాలేదు. బడిలో ఏం జరిగిందే అంటే ఏమీ లేదంది. నువ్వు పక్కనుంచి జలుబు అన్నావు. జలుబు గొంతు నాకు తెలుసు, తొమ్మిది నెలలు మోసి పద్నాలుగేళ్లు పెంచాను.

వెంటనే రాయి.

పాపమ్మాళ్


కోవిల్‌పట్టి,
5 ఆగస్టు 2025

వదినా,

జలుబు కాదు. ఇళవరసి బడికి వెళ్లి రెండు వారాలవుతోంది.

జాబితాలో దాని పేరు లేదు. ఆ పేరు లేకపోవడమే గొడవ. పన్నెండు మంది పేర్లు అడిగితే నేను పదకొండు రాశాను. ఏడో తరగతి జోతితో మొదలుపెట్టి, క్లాసు క్లాసుకూ వెళ్లి, పిల్లలు తలవంచి రాసుకుంటూ ఉంటే మొహాలు చూసుకుంటూ రాశాను. కూరగాయలు ఏరినట్టే ఏరాను. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కిటికీ పక్కన మన పిల్ల కూర్చుని ఉంది. ఎవరికీ అనుమానం అక్కర్లేదు, ఆ క్లాసులో అందరికంటే నలుపు అదే. కలం ఆగింది. దాన్ని దాటుకుని వచ్చేశాను. పన్నెండో మనిషి దొరకలేదని చెప్పాను. ఎంత తెలివిగా కాపాడాను చూడు.

జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. సాయంత్రం అది నాతో మాట్లాడకుండా ఇంటికి నడిచింది. వచ్చాక చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"అత్తా, నా పేరు ఏమిటికి రాయలే? ఈ పదకొండు మంది కన్నా నేనే గదా నలుపు."

నువ్వు నాయకుల వేషం వేయాలి కదా, అందుకని అంటూ నీళ్లు నమిలాను. అది నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"అది అవమానమని నీకు తెలిసుండాది. దానికే నన్ను తీసేసినావు. అట్లయితే వాళ్లను ఏమిటికి రాసినావు?"

నేను చరిత్ర టీచర్ని వదినా. బానిస ఓడల గురించి పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఏడుస్తారు, అంత బాగా చెబుతాను. నీ కూతురు అడిగినప్పుడు మాత్రం వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగాను.

ఇంకొకటి కూడా నీకు దాచాను. స్నేహితులు ఉన్నారని రాశాను. పోయిన ఏడాది నుంచి ఆ స్నేహితులు దాన్ని పిలిచే పేరు ఆఫ్రికా. హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీలో ఎవరో ఆఫ్రికా అంటారు, అందరూ నవ్వుతారు. నాకు తెలుసు. నేను విననట్టు తర్వాతి పేరు పిలిచేదాన్ని. ఇప్పుడు నేనే ఆఫ్రికా దినం జరుపుతున్నాను.

తిట్టు. ఈసారి నీ ఉత్తరం ఎంత పొడుగున్నా చదువుతాను.

కలైవాణి


విరుదునగర్,
11 ఆగస్టు 2025

కలా,

తిట్టడానికే కాగితం తీశాను. రెండు చించేశాను. తిట్టే అర్హత ఉందా అని చూసుకుంటే దొరకలేదు.

ఇళవరసి మీ ఊరికి చదువు కోసం వచ్చిందని నీకు చెప్పాను కదా. ఇక్కడి బడికేం తక్కువ? అది పెద్దమనిషి అయినప్పుడు ఫంక్షన్ చేశాం, నువ్వూ వచ్చావు. ఫోటోలు తీసినవాడి పక్కన కూర్చుని, కంప్యూటర్లో కాస్త కలరు పెంచు తంబీ అని చెప్పింది నేనే. వాడు కాస్త పెంచాడు. ఇంకాస్త అన్నాను. ఇంకాస్త పెంచాడు. మీ అమ్మ కూడా పక్కనే ఉండి, ముక్కు దగ్గర ఇంకా నలుపుంది అంది. ఆల్బం ఇంటికి వచ్చిన రోజు అందరం చుట్టూ చేరి చూశాం. అది మొదటి పేజీ తిప్పి నన్ను అడిగింది.

"అమ్మా, నా సీర కట్టుకోని కూసునుండే ఈ పిల్ల ఎవరు?"

వేళాకోళం అనుకుని నవ్వాను. అందరం నవ్వాం. వారం తర్వాత, అత్త ఊళ్లో చదువుకుంటాను పంపించమంది. ఎందుకని నేను అడగలేదు, నాకు తెలుసు కాబట్టి. అలా తెలిసి కూడా పోయిన నెల ట్యూబు పంపాను. నువ్వు దాని పేరు దాటుకుని వెళ్లావు. నేను దాని మొహమే తీసేయించాను. మనిద్దరిలో ఎవరు గొప్పో ఇళవరసినే తేల్చమందాం.

ఆ ట్యూబు పారెయ్. నలుగుపిండి మాత్రం వాడుకో, ఒంటికి మంచిదే, రంగుతో సంబంధం లేదు.

ఈ పార్సిల్‌లో గుడ్డ ఉంది. మీ అన్న ఆర్డర్ గుడ్డ పక్కకు పెట్టి రెండు రోజులు ఇదే నేశారు. ఎరుపు, పచ్చ చారలు. శంకరన్ వేషం ఎవరు వేసినా వాళ్లకు చొక్కా కుట్టించమన్నారు. ఇళవరసి వేస్తే బాగుంటుందని ఆయన అనలేదు. గుడ్డ మాత్రం దాని కొలతకే నేశారు.

దాన్ని బడికి పంపడానికి నువ్వేం చెయ్యాలో నాకు తెలీదు. నన్ను అడక్కు. దాన్నే అడుగు. మనిద్దరం ఇంతవరకు చేయని పని అదొక్కటే.

పాపమ్మాళ్


కోవిల్‌పట్టి,
9 సెప్టెంబరు 2025

వదినా,

అమ్మ మోకాలు నిన్ను కదలనివ్వలేదు కాబట్టి, శనివారం నాటి వైభవమంతా నేనే రాయాలి.

ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి, మంచి గాలి తగిలే కుర్చీ చూసుకుని నిద్రపోయారు. కరస్పాండెంట్ గారు మైకు అందుకుని, ఆఫ్రికా తండ్రి మండేలా, ఆయన సోదరుడు తామస్ శంకరన్ అని మొదలుపెట్టారు. చప్పట్లు మోగాయి. వంగారీ మాతాయ్ వేషంలో ఉన్న జోతి, చేతిలో వేపమొక్క పట్టుకుని వచ్చి, ఈ మొక్కను స్కూల్లో ఎక్కడ నాటుతారు అని స్టేజీ మీదనుంచే కరస్పాండెంట్ గారిని అడిగింది. అది నేను రాసిచ్చిన మాట కాదు. ఆయనకు బస్సులు నిలిపే చోటు చూపించక తప్పలేదు.

ఆకుల డాన్సు జరగలేదు. దాని కథ వేరే ఉంది. నేను వెళ్లి ఆ జాబితా వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చాను. రంగును బట్టే రాశాను సార్, మీరు చెప్పినట్టే, కానీ ఈసారి స్కూలు మొత్తంలో వెతికాను అన్నాను. ఒకటి, పాండీశ్వరన్, కరస్పాండెంట్. రెండు, కలైవాణి, చరిత్ర టీచర్. మొదటి పేరు చదివి ఆయన తన చేతిని చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. మర్నాడు స్టాఫ్ మీటింగులో, పచ్చని ఆకులు తెంపడం పర్యావరణానికి హాని కాబట్టి డాన్సు రద్దు చేశామని ప్రకటించారు. వచ్చే ఏడాదికి చరిత్రకు వేరే టీచర్ని చూసుకుంటామని నాకు విడిగా ప్రకటించారు. ఎనిమిదేళ్ల తర్వాత ఒక విషయం పర్మనెంట్‌గా తేలింది.

నీ కూతురు శంకరా వేషం వేసింది. అన్న నేసిన గుడ్డ చొక్కా వేసుకుని, మొహానికి ఏమీ రాసుకోకుండా, లైట్ల కింద నాలుగు నిమిషాలు మాట్లాడింది. తన దేశం వాళ్లు నేసిన గుడ్డ కట్టుకోవడానికి సిగ్గుపడేవాడు దేశాన్ని ఏలలేడు అని అది తమిళంలో చెప్పినప్పుడు, ఆ మాట శంకరా అన్నాడా, మా అన్న అన్నాడా, అది సొంతంగా కల్పించిందా అని చరిత్ర టీచర్నైన నాకే తెలియలేదు. వెనక బెంచీల వాళ్లు కూడా నవ్వలేదు. నా పక్కన కూర్చున్నావిడ, ఈ పిల్ల ఎవరని అడిగింది. మా పాప అన్నాను.

ఇళవరసి మళ్లీ బడికి వెళ్తోందని ఆగస్టులోనే ఫోన్లో చెప్పాను. ఎలా ఒప్పుకుందో చెప్పలేదు. నువ్వు రాసినట్టే దాన్నే అడిగాను. నేనేం చేస్తే నువ్వు బడికి వస్తావు అన్నాను. క్షమించమంటున్నాను అని కూడా అన్నాను.

"నాకు సెప్పి ఏమి లాబం? వాళ్లకు సెప్పు. నువ్వు సెప్పేది నేను నిలబడి వినాల" అంది.

ఉద్యోగం పోగొట్టుకునే జాబితా రాయడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఈ పనికి మూడు రోజులు పట్టింది. చివరికి ఒక సాయంత్రం, ఆఖరి బెల్లు అయ్యాక, పదకొండు మందినీ ఏడో తరగతి గదిలో ఉండమన్నాను. ఇళవరసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మీ రంగు చూసి మీ పేర్లు రాశాను, అది తప్పని రాసేటప్పుడే నాకు తెలుసు, మా ఇంటి పిల్ల పేరు మాత్రం రాయలేదు అని తమిళంలో చెప్పాను. ఇష్టమున్న వేషం అడగండి, ఏదీ వద్దంటే అదీ సరే అన్నాను. ముగ్గురు ఏదీ వద్దన్నారు.

జోతి మాత్రం లేచి నిలబడింది.

"రంగు చూసి రాసినారని మాకు తెలుసు టీచర్. అది తప్పని మీకు తెలీకుండా రాసినారేమో అనుకున్నాం. దానికే మీ మీద కోపం రాలే."

ఇప్పుడు వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది టీచర్" అంది.

సరే అన్నాను. పిల్లలు సంచులు తీసుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను బల్ల దగ్గరే ఉండిపోయాను. ఇళవరసి లోపలికి వచ్చి నా సంచి భుజానికి తగిలించుకుని, ఇంటికి పోదాం రా అత్తా అంది.

కలైవాణి